కోడి తల ఎటు తిరిగింది

జనవరి 7, మంగళవారం

మూడు నెలలకోసారి వచ్చే పంటినొప్పి ఈరోజే. యాజమాన్యం తరఫున ముగ్గురు, కార్మికుల తరఫున ముగ్గురు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని చట్టం. కార్మికుల్లో ఇద్దరు టీ కోసం వస్తారు. మూడోవాడు నా ప్రాణం తియ్యడానికి వస్తాడు. ఆవాంగ్. రికార్డులో చువాంగ్ హువోవాంగ్. లేత్ సెక్షన్, యాభై రెండేళ్ళు. అరవై నాలుగు మంది ఉన్న ఫ్యాక్టరీలో అందరూ ఆవాంగ్ అన్న అంటారు. నేను అనను.

ఈసారి మూడు ప్రశ్నలు తెచ్చాడు. ప్రింట్ తీసి, పసుపు రంగు గీతలు కొట్టి మరీ. పొద్దున ఎనిమిదికి ముందు పది నిమిషాలు అందర్నీ వరసలో నిలబెట్టి ప్రొడక్షన్ లెక్కలు చదువుతున్నాం కదా, అది పని సమయమా కాదా అని అడిగాడు. అది పని కాదు, పలకరింపు అన్నాను. పలకరింపైతే రానివాడి పేరు ఎందుకు రాసుకుంటున్నారని అడిగాడు. తర్వాతిది చెప్పమన్నాను. రెండోది, సెలవు రోజున సూపర్‌వైజర్ ఫోన్‌లో లైన్ యాప్‌లో మెసేజ్ పెట్టి పని చెప్తే అది ఓవర్‌టైమా అని. మూడోది నా మీదకే. పెయింటింగ్‌లో పనిచేసే పిల్ల తన తాతగారు పోయిన నూరో రోజు పూజకి సెలవు అడిగితే, దినాలు అయిపోయాయి కదా అని నేను ఇవ్వలేదు. ఆ సెలవు నూరు రోజుల్లోపు విడివిడిగా వాడుకోవచ్చని చట్టంలో ఉందట. ఉంది. సాయంత్రం చూశాను. ఉంది.

అందరి ముందూ, ఎంతో మర్యాదగా, "లియావ్ మేనేజర్ గారూ, మీరు చూసి ఉండరు" అన్నాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది.

మీటింగ్ అయ్యాక అమ్మగారు పిలిచారు. అమ్మగారంటే మా యజమాని లాయ్ గారి భార్య. ఫ్యాక్టరీ పేరు ఆయనది, తాళాలు ఆవిడవి. ఒక లేత్ పనివాడికి జవాబు చెప్పలేని దానివి మేనేజర్‌వి ఎలా అయ్యావు అని అడిగారు. నేను ఎవరి తిండి తింటున్నానో గుర్తుందా అని కూడా అడిగారు. గుర్తుంది. తొమ్మిదేళ్ళుగా రోజూ గుర్తు చేస్తున్నారు.

జనవరి 8, బుధవారం

పొద్దుటి పది నిమిషాలు రద్దు. ఆవాంగ్ నన్ను చూసి తల వంచి నమస్కరించాడు. తగలబడిపోనీ.

జనవరి 10, శుక్రవారం

అమ్మగారు ఆవాంగ్ ఫైల్ తెప్పించుకున్నారు. నాకు అర్థమైంది. పాత పద్ధతి పెన్షన్‌లో మిగిలిన ఆఖరి మనిషి అతనే. మిగతావాళ్ళందరినీ ఆవిడ బతిమాలో బెదిరించో కొత్త పద్ధతిలోకి మార్పించారు. ఇతను మారలేదు. మార్చి ఐదుతో ఇతని సర్వీసుకి ఇరవై ఐదేళ్ళు నిండుతాయి. నిండిన మర్నాటి నుంచి ఎప్పుడంటే అప్పుడు పెన్షన్ తీసుకుని వెళ్ళొచ్చు, మొత్తం కంపెనీయే ఇవ్వాలి. నిండకముందే ఏదైనా తప్పు మీద వెళ్ళాడంటే దమ్మిడీ ఇవ్వక్కర్లేదు.

ఇతని మీద ఏమైనా ఉందా అని అడిగారు. ఏమీ లేదన్నాను. ఇరవై నాలుగేళ్ళ పది నెలల్లో ఆలస్యం రెండుసార్లు, రెండూ తుఫాను రోజులే. అంత శుభ్రమైన ఫైల్ చూస్తే నాకే చిరాకు వేసింది.

జనవరి 13, సోమవారం

చాంద్రమానం ఏడాది ఈ నెలాఖరుకి అయిపోతుంది కనక శుక్రవారం ఏడాది చివరి విందు. గుడారం, ఎనిమిది టేబుళ్ళు, లాటరీకి టీవీ, మైకు. అంతా నా నెత్తిమీదే.

వంటాయనకు మూడుసార్లు చెప్పాను, కోడి తలలు కొట్టేసి తెమ్మని. ఇప్పుడు అన్నిచోట్లా అంతే. పాతకాలం యజమానులకు నోరు విప్పే పని ఉండేది కాదు. ఏడాది చివరి విందులో కోడి తల ఎవరివైపు తిప్పితే వాడికి కొత్త సంవత్సరం నుంచి పని లేనట్టు. వాడు లేచి, తాగి, దణ్ణం పెట్టి పోయేవాడు. ఇప్పుడా రోజులు పోయాయి, అయినా తల కనిపిస్తే జనానికి ముద్ద దిగదు.

అంతా మాట్లాడి ఫోన్ పెట్టేశాక అమ్మగారు వచ్చారు. భూమిదేవరకు పొద్దున నైవేద్యం పెట్టే కోడి తలతో తోకతో నిండుగా ఉండాలి కదా, దాన్ని పారేస్తామా, సాయంత్రం మన టేబుల్ మీదే పెట్టించు అన్నారు. తల ఉంటుంది అమ్మగారూ అన్నాను. తల ఉంటే మాత్రం తినరా అన్నారు. ఒక్క కోడి దగ్గర పొదుపు.

జనవరి 18, శనివారం, పొద్దున

నిన్నటి విందు గురించి రాయాలి.

మా టేబుల్‌లో పదిమందిమి. లాయ్ గారు, అమ్మగారు, సూపర్‌వైజర్లు, నేను, కార్మికుల ప్రతినిధిగా ఆవాంగ్. అతను సరిగ్గా నా ఎదురుగా కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. లాయ్ గారు వేదిక మీద రెండు పాటలు పాడి, చెమటలు కక్కుతూ వచ్చి కూర్చున్నారు. అప్పటికే బాగా తాగి ఉన్నారు.

నైవేద్యం కోడి మధ్యలో ఉంది. తల అమ్మగారి వైపు తిప్పి నేనే పెట్టాను. యజమాని వైపు ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు కదా. తర్వాత పీతల అన్నం వచ్చింది, చేప వచ్చింది. బల్ల మధ్యలో తిరిగే పలక తిరిగింది. అందరూ తిప్పుతారు, ఎవరికి కావలసింది వాళ్ళు. తిరిగి తిరిగి ఆగేసరికి కోడి ముక్కు ఆవాంగ్ మీద ఉంది.

 లాయ్ గారు పకపకా నవ్వారు. ఒరే, కోడి ఆవాంగ్ వైపు చూస్తోందిరా అన్నారు. ఇద్దరు సూపర్‌వైజర్లు కూడా నవ్వారు. ఆవాంగ్ నవ్వలేదు. కాసేపు కోడిని చూశాడు. గ్లాసులో జొన్న సారా పోసుకుని, లేచి నిలబడి, రెండు చేతులతో లాయ్ గారి వైపు ఎత్తి, తాగేశాడు. గిన్నె మీద చాప్‌స్టిక్స్ సమంగా పెట్టాడు. కోటు తీసుకుని గుడారం బయటికి నడిచాడు. స్కూటర్ స్టార్ట్ అయిన చప్పుడు వినిపించింది.

వేళాకోళం అనుకున్నాం. లాటరీ టైముకి వస్తాడనుకున్నాం. టీవీ పెయింటింగ్ పిల్లకి వచ్చింది.

జనవరి 20, సోమవారం

ఆవాంగ్ రాలేదు.

లేత్ సెక్షన్ వాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేశారు. లాకర్ తెరిచి చూస్తే ఖాళీ. చెప్పులు కూడా లేవు. శనివారం ఎప్పుడో వచ్చి తీసుకెళ్ళాడని వాచ్‌మన్ చెప్పాడు.

ఫోన్ చేస్తానని అమ్మగారితో అన్నాను. వద్దన్నారు. ఆ ముఖంలో అంత వెలుగు నేను కొత్త మెషిన్ వచ్చినప్పుడు కూడా చూడలేదు. చట్టంలో ఎన్ని రోజులు అని అడిగారు. నాకు అర్థం కానట్టు నటించాను. కారణం లేకుండా వరసగా ఎన్ని రోజులు రాకపోతే తీసెయ్యొచ్చు అని విడమరిచి అడిగారు. మూడు అన్నాను.

పన్నెండో సెక్షన్. నోటీసు అక్కర్లేదు, పరిహారం అక్కర్లేదు. పెన్షనూ ఉండదు.

జనవరి 21, మంగళవారం, రాత్రి 11 గంటలు

రెండో రోజు.

ఫోన్‌లో మెసేజ్ టైపు చేశాను. "రేపైనా రండి, ఎవరూ మిమ్మల్ని పొమ్మనలేదు." పంపలేదు. అమ్మగారు వద్దన్నారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆవిడ వద్దన్నవి నేను బోలెడు చేస్తాను.

చట్టాలన్నీ నోటికి వచ్చినవాడు, నా పరువు తియ్యడానికి రాత్రుళ్ళు కూర్చుని సెక్షన్లు చదివేవాడు, ఒక ఉడికిన కోడిని చూసి పనికి రావడం మానేస్తాడా? రెండో రోజని అతనికి తెలియదా? తెలుసు. నాకంటే బాగా తెలుసు.

జనవరి 22, బుధవారం, సాయంత్రం 5 గంటలు

రాలేదు. గేటు వైపు పదిసార్లు చూశాను. ఎవరి కోసమో నాకే తెలియదు.

జనవరి 23, గురువారం

పోస్టాఫీసు నుంచి పంపే లెటర్, మూడు కాపీలు. పంపినట్టు, అందినట్టు ప్రభుత్వం ముద్ర ఉంటుంది, రేపు కోర్టులో కాదనడానికి లేదు. వాక్యాలు నావే. "సరైన కారణం లేకుండా వరసగా మూడు పనిదినాలు హాజరు కానందున." ఇలాంటివి ఎన్ని రాశానో.  సంతకం బదులు వేసే లాయ్ గారి పేరు ముద్ర అమ్మగారే వేశారు. లాయ్ గారు మెషిన్ల ఎగ్జిబిషన్ పేరు చెప్పి రెండు రోజులుగా ఆఫీసు వైపు రావడం లేదు.

క్యూలో నా ముందున్న ముసలావిడ మనవరాళ్ళకి కొత్త సంవత్సరం పండగకి డబ్బులు పెట్టి ఇచ్చే ఎర్ర కవర్లు కొంటూ ఏ బొమ్మ బాగుందని నన్ను అడిగింది. ఏదో చూపించాను.

ఇంటికి వచ్చేసరికి కొంచెం తేలికగా ఉంటుందనుకున్నాను. లేదు.

జనవరి 26, ఆదివారం

పండగకి ఇల్లు కడిగాను. వంటింటి కిటికీలు, ఫ్యాన్, పొయ్యి వెనక జిడ్డు. అమ్మ సోఫాలో కూర్చుని, ఎందుకే అంత కోపంగా తోముతున్నావు, గోడ నీకేం చేసింది అని అడిగింది.

ఈ డైరీ ఎవరూ చదవరు. అయినా పద్దెనిమిదో తారీకున అబద్ధం రాశాను. సిగ్గులేకుండా. అందుకని మళ్ళీ రాస్తున్నాను.

పలక దానంతట అది తిరగలేదు. నేను తిప్పాను. పీతల అన్నం నా వైపు రావాలని తిప్పాను. అది నిజం. అన్నం నా ముందు ఆగింది. గరిటె తీసుకున్నాను. తల ఎత్తితే కోడి ముక్కు ఆవాంగ్ గుండె మీద ఉంది. ఇంకా ఎవరూ చూడలేదు. లాయ్ గారు ముఖం తుడుచుకుంటున్నారు. అమ్మగారు పక్క టేబుల్‌తో మాట్లాడుతున్నారు. బెత్తెడు తిప్పితే చాలు. నా వేళ్ళు పలక అంచు మీదే ఉన్నాయి. నూరో రోజు సెలవు గుర్తొచ్చింది. "మీరు చూసి ఉండరు" అన్న మాట గుర్తొచ్చింది.

రెండో గరిటె వేసుకున్నాను.

అంతే. అప్పుడు లాయ్ గారు తల తిప్పి చూశారు.

ఉద్యోగం పోవాలని కాదు. ఒక్క నిమిషం ముఖం మాడాలని. వాడి ముఖం ఒక్కసారి మాడితే చూడాలని. చూశాను. బాగానే మాడింది. ఇప్పుడు నాకు అన్నం సయించడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనేమో.

ఫిబ్రవరి 3, సోమవారం

పండగ సెలవులు అయిపోయి మొదటి రోజు. గేటు దగ్గర టపాకాయలు, అందరికీ ఎర్ర కవర్లు. లాయ్ గారు ఒక్కొక్కరికీ చేతిలో పెట్టారు. ఆవాంగ్ పేరు రాసిన కవరు కూడా కట్టలో వచ్చింది. ఎవరో పాత లిస్టు చూసి రాశారు. అమ్మగారు దాన్ని తీసి సంచిలో వేసుకున్నారు.

మధ్యాహ్నం నగర కార్మిక శాఖ నుంచి ఉత్తరం. ఆవాంగ్ ఫిర్యాదు పెట్టాడు. పదమూడో తారీకు రాజీ సమావేశం. కంపెనీ తరఫున అమ్మగారు, నేను రావాలి.

లేత్ సెక్షన్ వాళ్ళెవరూ ఈరోజు నాతో కలిసి డబ్బా భోజనం తినలేదు. నేను వెళ్ళి కూర్చున్న బల్ల ఖాళీ అయిపోయింది. తినండిరా, నేనేం కరవను అందామనుకున్నాను. అనలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

అమ్మగారు నాకు పాఠం చెప్పారు. తల ఎవరివైపు ఉందో ఎవరూ చూడలేదు. లాయ్ గారు ఏమన్నారో ఎవరికీ వినపడలేదు, మైకు గోలగా ఉంది. అతను తనంతట తాను వెళ్ళాడు. ఫోన్ చేశావా అంటే చేశాను, ఎత్తలేదు అని చెప్పు.

చెయ్యలేదు కదా అమ్మగారూ అన్నాను. చేసి ఉంటే ఎత్తేవాడు కాదు కదా, రెండూ ఒకటే అన్నారు.

పాఠం అయ్యాక కొంచెం మెత్తబడ్డారు. మార్చిలో జీతాల సవరణలో నా పేరు చూస్తానన్నారు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నన్ను అమ్మాయ్ అన్నారు. తల ఊపాను.

ఫిబ్రవరి 13, గురువారం

కార్మిక శాఖ ఆఫీసు మూడో అంతస్తు. పొడుగు బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మొక్క. మధ్యవర్తి షెన్ అని ముప్పై ఏళ్ళ అబ్బాయి, రాజధాని తైపేలో చదువుకున్నాడు. ఫైల్ రెండుసార్లు చదివి, కోడి తల తిరగడం అంటే ఏమిటి అని అడిగాడు. నిజంగానే తెలియదు. వాళ్ళ ఆఫీసులో ఏడాది చివర హోటల్లో బఫే పెడతారట.

ఆవాంగ్ ఒక్కడే వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా. చేతిలో కాగితాలు లేవు. అది చూసి నాకు భయం వేసింది. అతను కాగితాలు లేకుండా ఎక్కడికీ రాడు.

ముందు అమ్మగారు మాట్లాడారు. గంటకి పావు తక్కువ మాట్లాడారు. ఇరవై ఐదేళ్ళు అన్నం పెట్టామన్నారు. తాగిన మనిషి మాటకి అర్థాలు తీస్తారా అన్నారు. కోడిని ఎవరూ తిప్పలేదు, అది తిరిగే బల్ల, తిరుగుతుంది అన్నారు. తర్వాత ఆవాంగ్ వైపు తిరిగి, చట్టాలన్నీ కంఠతా పట్టి మమ్మల్ని ఏడిపించినవాడివి, కోడి చూస్తే భయపడ్డావా, ఎవరైనా వింటే నవ్విపోతారు అన్నారు. షెన్ కూడా పెదవి కొరుక్కున్నాడు, నవ్వు ఆపుకోవడానికి.

 ఆవాంగ్ తన మొదటి ఏడాది విందు గురించి చెప్పాడు. అప్పుడు యజమాని ఇప్పటి లాయ్ గారి తండ్రి. కోడి తల వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన వైపు తిప్పారు. ఆయన లేచి, సారా పోసి, రెండు చేతులతో ఎత్తి తాగి, ఇన్నాళ్ళు చూసుకున్నందుకు దణ్ణాలని చెప్పి వెళ్ళిపోయాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన మళ్ళీ గేటులోకి రాలేదు. వచ్చి ఉంటే సిగ్గులేనివాడు అనేవాళ్ళు.

"చట్టం చదివింది బుర్రతో," అన్నాడు. "ఆ బల్ల దగ్గర కూర్చున్నది బుర్ర కాదు. కాళ్ళు వాటంతట అవే లేచాయి. ఇంటికి వెళ్ళాక తెలిసింది లేచానని. సోమవారం బూట్లు వేసుకున్నాను. పొమ్మన్న గుమ్మం మళ్ళీ ఎలా తొక్కనని విప్పేశాను. మంగళవారం కూడా వేసుకున్నాను."

బుధవారం సంగతి చెప్పలేదు.

షెన్ ముఖంలో నవ్వు పోయింది. ఆ మూడు రోజుల్లో కంపెనీ నుంచి ఎవరైనా ఫోన్ చేశారా అని నన్ను అడిగాడు. అమ్మగారి మోచెయ్యి నా పక్కటెముకకి తగిలింది.

చెయ్యలేదు అన్నాను.

అమ్మగారు ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. షెన్ రాసుకుని, బల్ల తనంతట తాను తిరగదు కదండీ, ఎవరు తిప్పారో ఎవరికైనా తెలుసా అని అడిగాడు. మామూలుగానే అడిగాడు. జవాబు వస్తుందని అనుకోలేదు కూడా.

ఆవాంగ్ నన్ను చూడలేదు. కిటికీ బయట ఏదో చూస్తున్నాడు. తలుచుకుంటే ఒక్క మాట చాలు. యజమాని అంటే కేవలం సొంతదారు కాదు, పనివాళ్ళ వ్యవహారాలు చూసే మేనేజర్ కూడా యజమానే అని చట్టం రెండో సెక్షన్‌లోనే ఉంది. అది అతనికి తెలియకుండా ఉంటుందా? నా పేరు చెప్తే గెలుస్తాడు. అతని ఇరవై ఐదేళ్ళ పెన్షన్ ఆ మాట మీదే ఉంది. అయినా చెప్పడం లేదు. నేను కాదంటానని అనుకున్నాడా? లేక తిప్పింది నేనని తెలియదా?

తెలియకపోతే నేను నోరు మూసుకుంటే సరిపోయేది.

"నేను తిప్పాను," అన్నాను. "అన్నం కోసం తిప్పాను. తల ఆయన వైపు ఆగడం చూశాను. మళ్ళీ తిప్పగలిగి కూడా తిప్పలేదు. కావాలనే."

 అమ్మగారు, ఈవిడకి ఒంట్లో బాగాలేదు, పండగ నుంచి ఇలాగే ఉంది అన్నారు. షెన్, నా మాట రికార్డులో రాయమంటారా అని అడిగాడు. ఇప్పుడే ఆలోచించుకోండి అని కూడా అన్నాడు, మంచివాడు. రాయండి అన్నాను.

తర్వాత అరగంట పట్టింది. మేనేజర్ చేతితో పొమ్మన్నట్టు చేసి, యజమాని నోటితో నవ్వి, మూడు రోజులు ఎవరూ పిలవకుండా ఉండి, కారణం లేకుండా రాలేదని ఉత్తరం పంపడం కోర్టులో నిలబడదని షెన్ అమ్మగారికి నెమ్మదిగా చెప్పాడు. ఆవిడ లాయ్ గారికి ఫోన్ చేశారు. ఆయన ఏమన్నారో వినపడలేదు కానీ, ఆవిడ "మీరే నవ్వారు కదా, మీరే" అని రెండుసార్లు అన్నారు. ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం అయింది. రాని రోజులన్నీ జీతంతో సెలవు. సర్వీసు తెగనట్టే.

ఆవాంగ్ ముద్ర వేసి, షెన్‌కి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నాకు పెట్టలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

అమ్మగారు తలుపు వేసి తిట్టారు. తలుపు వేసినా స్టోర్ దాకా వినిపించిందట. పాముకి పాలు పోశానన్నారు. తొమ్మిదేళ్ళు పాలు పోస్తే పాము ఇంతలావు కావాలి, నేను అంత లేను అనబోయి ఊరుకున్నాను. నువ్వు తిప్పావు సరే, ఒప్పుకోమని ఎవరన్నారు అని అడిగారు. ఒక్కటే ప్రశ్న, నాలుగైదు రకాలుగా. 

ఫిబ్రవరి 17, సోమవారం

ఏడూ యాభైకి ఆవాంగ్ హాజరు కార్డు కొట్టాడు. లేత్ సెక్షన్‌లో ఎవరో ఈల వేశారు. అతను బూట్లు మార్చుకుని మెషిన్ దగ్గరికి వెళ్ళాడు. నా కిటికీ ముందు నుంచే వెళ్ళాడు, చూడలేదు.

నేనేం హారతి పళ్ళెం ఆశించలేదు. అయినా చిరాకు వేసింది.

ఫిబ్రవరి 26, బుధవారం

లేత్ సెక్షన్ వాళ్ళు నాతో ఇంకా మాట్లాడరు. ఆఫీసు వాళ్ళూ మాట్లాడరు. అటు వాళ్ళకి కావాలని తిప్పినదాన్ని, ఇటు వాళ్ళకి ఒప్పుకున్నదాన్ని. ఒక్క పెయింటింగ్ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని డబ్బా విప్పింది. తాతగారి నూరో రోజు పూజ అయిపోయిందా అని అడిగాను. ఒకసారి కాదన్నాక మళ్ళీ సెలవు అడగలేక వెళ్ళలేదని చెప్పి, గుడ్డు సగం నాకు పెట్టింది. తిన్నాను.

మార్చి 6, గురువారం

నిన్నటితో ఇరవై ఐదేళ్ళు నిండాయి. ఈరోజు పొద్దున ఎనిమిదీ అయిదుకి ఆవాంగ్ నా గదిలోకి వచ్చాడు. రిటైర్మెంట్ దరఖాస్తు. నెలాఖరుకి వెళ్తాడట. ఫారం అంతా నింపాడు, ముత్యాల్లాంటి అక్షరాలు. వెతికితే తప్పు దొరకలేదు. తీసుకున్నట్టు ముద్ర వేసి కాపీ ఇచ్చాను. తేదీ సరిచూసుకున్నాడు. చూసుకోడూ మరి.

వెళ్ళిపోతాడనుకున్నాను. నిలబడ్డాడు.

ఆ రోజు తిప్పింది నేనని మీకు తెలుసా అని నేనే అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"మీ చెయ్యే చూస్తున్నాను," అన్నాడు. "ఇంకో బెత్తెడు తిప్పుతారేమోనని ఆగాను. మీరు అన్నం వేసుకున్నారు."

ముఖం మీద కొట్టినట్టైంది. లాయ్ గారి నవ్వు కంటే ముందే అతను లేచిపోయాడన్నమాట, లోపల. మరి కార్మిక శాఖలో నా పేరు ఎందుకు చెప్పలేదు, చెప్తే అక్కడే తేలిపోయేది కదా, ఇరవై ఐదేళ్ళు పణంగా పెట్టి ఎవరైనా నోరు మూసుకుంటారా అని అడిగాను. నా గొంతు పెద్దదైంది. నాకు కోపం వచ్చింది, నిజంగా.

"అది చెప్పాల్సింది నేను కాదు," అన్నాడు.

క్షమించానని అనలేదు. నేను కూడా క్షమించమని అడగలేదు. తలుపు దగ్గర ఆగి, రెండో అంతస్తు మెట్ల దగ్గర లైటు నెల రోజులుగా వెలగడం లేదు, ఎవరైనా పడితే కంపెనీదే బాధ్యత అని చెప్పి వెళ్ళాడు. ఏడో సెక్షనో ఎనిమిదో సెక్షనో కూడా చెప్పాడు.

లైటు వేయించాను.

మార్చి 28, శుక్రవారం

ఆవాంగ్ ఆఖరి రోజు. లేత్ సెక్షన్ వాళ్ళు కేక్ కోశారు. నన్ను పిలవలేదు.

మార్చి 31, సోమవారం

పొద్దున వచ్చేసరికి నా బల్ల మీద నా రాజీనామా ఉంది. అమ్మగారు టైపు చేయించారు. పేరు, తేదీ అన్నీ వేసి, సంతకానికి ఖాళీ వదిలారు. "నా ఇష్టపూర్వకంగా" అన్న మాట కొట్టేశాను. మిగతాదంతా కూడా కొట్టేసి, ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చి, ఎనిమిదింటికి కార్డు కొట్టాను.